పచ్చ బూడిద

రాత్రి పదకొండున్నర అయింది. ముక్కు ఇంకా బిగిసే ఉంది.

నాలుగు రోజుల ముసురుకి చెత్తబండి రాలేదు. పొద్దున వంటింటి వెనక తడిచెత్త బకెట్ మూత తీస్తే బత్తాయి తొక్కల నిండా పచ్చ బూడిదలాంటి బూజు. మూత లేచిన గాలికే పొగలా ఎగిరి ముఖానికి కొట్టింది. వరసగా తుమ్ములు. ఈయన పేపర్లోంచి తల ఎత్తకుండా, "ఊరి చెత్తయార్డు గాలి ఇటు తిరిగినట్టుంది" అన్నారు.

నేనూ అవునన్నాను. రేణిగుంట నుంచి వచ్చేటప్పుడు ఆ వాసనకి కొంగు అడ్డం పెట్టుకునేదాన్నే కదా. చెత్త కుళ్లేకొద్దీ లోపల వేడెక్కుతుంది. ఆస్పర్‌జిల్లస్ ఫ్యూమిగాటస్ అనే బూజు 50 డిగ్రీల వేడిలోనూ పెరుగుతుంది. గుట్టను యంత్రంతో తిరగేసినప్పుడు దాని బీజాలు గాల్లోకి లేస్తాయి. ఒక్కోటి 2, 3 మైక్రాన్లే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), ఊపిరితిత్తుల లోతుదాకా పోతుంది. గట్టి మనిషికి పర్లేదు, ఉబ్బసం ఉన్నవాళ్లకీ, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లకీ తంటా. మా చిన్నోడికీ ఉబ్బసమే. (రెండు రాత్రులుగా ఇన్‌హేలర్ లేకుండా పడుకున్నాడు. దిష్టి తగలకూడదు.)

మధ్యాహ్నం కూర్చుని చదివితే యార్డు మీద నా కోపం కాస్త తేలిపోయింది. ఇంగ్లండులో కంపోస్టు కేంద్రాలకి 250 మీటర్ల లోపు ఇళ్లుంటేనే ఈ బీజాల ముప్పు ఎంతని ప్రత్యేకంగా లెక్క చూస్తారట. యార్డుకీ మాకూ మధ్య కొన్ని కిలోమీటర్లు. బకెట్‌కీ ఈయన కుర్చీకీ మధ్య నాలుగడుగులు!

ఆ రకం బూజులకి ఆస్పర్‌జిల్లస్ అని పేరు పెట్టింది 1729లో మికేలి అనే ఇటలీ ఆయన. చర్చిలో పవిత్రజలం చల్లే కుంచెలా కనబడిందట, ఆ కుంచె పేరే పెట్టాడు. తిరుపతిలో ఉండి ఇది చదివితే నవ్వొచ్చింది. మా బకెట్లోది అదేనో కాదో గానీ, తీర్థం చల్లినట్టే చల్లింది నా ముఖాన.

పలమనేరు దగ్గర తాత ఇంటి వెనక పేడదిబ్బ ఉండేది. చలికాలం పొద్దున్నే దానిమీద ఆవిరి లేస్తుంటే చేతులు కాచుకోవడానికి పరిగెత్తేదాన్ని. "పోవద్దు మే, దిబ్బ ఊపిరి వదల్తా ఉంది" అని అవ్వ జడ పట్టుకుని లాగేది. బండికి ఎత్తే రోజు తాత ముక్కుకీ నోటికీ తువ్వాలు బిగించి, గాలికి వీపు పెట్టి తవ్వేవాడు. మమ్మల్ని అరుగు దాటనిచ్చేవాడు కాదు. ఆయన మైక్రాన్ల మాట ఎక్కడా వినలేదు. ఆ ఎరువుతోనే వేరుశనగ పండేది. బూజు లేకపోతే దిబ్బ ఎరువయ్యేదా? అందుకే యార్డుని తిట్టాలో, మమ్మల్ని తిట్టుకోవాలో తేలడం లేదు.

మేడ మీద వాళ్లని మాత్రం తిడతాను. డైపర్లు, మందుసీసాలు, మిగిలిన సాంబారు అన్నీ ఒకే కవర్లో కట్టి మెట్ల కింద పడేస్తారు. "ఎలాగూ అక్కడ కలిపేస్తారు కదక్కా" అంటుంది ఆమె. ఇవాళ కుక్క ఆ కవర్ చింపింది, ఊడ్చింది నేను. ఇంకా చేతులు వాసనొస్తున్నాయి. పోనీ మా ఇంట్లో? ఈయన టీ పొడిని పాలకవర్‌తో సహా తడిచెత్తలో వేస్తారు. పదేళ్ల నుంచి చెబుతున్నా.

బకెట్ బాల్కనీలో పెట్టొచ్చాను. మూత బిగిస్తే లోపల చెమ్మ, తీస్తే చిన్నోడి కిటికీ అక్కడే. సగం మూసి వచ్చాను.