అలోన్, లోన్లీ, సాలిటరీ: ఒకే గంపలో వేసి బట్టీ పట్టొద్దు

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకి పెట్టే ఎస్‌ఎస్‌సీ సీజీఎల్ పరీక్ష రెండో దశలో, అంటే టైర్-2లో, ఇంగ్లిష్ నుంచి 45 ప్రశ్నలొస్తాయి. ఒక్కోదానికి 3 మార్కులు, తప్పు పెడితే 1 మార్కు కోత. మేథ్స్, రీజనింగ్ అందరూ దంచేస్తున్నారు కాబట్టి తేడా కొట్టేది ఇక్కడే. అందులోనూ దగ్గరి దగ్గరి అర్థాలున్న నాలుగు పదాలిచ్చి, ఖాళీలో సరిపడేది ఎంచుకోమంటాడు చూడండి, అక్కడ.

మాది ఆమదాలవలస దగ్గర పల్లె. తెలుగు మీడియం. శ్రీకాకుళంలో రూమ్ తీసుకుని ప్రిపేర్ అయ్యాను. మా జూనియర్లు వొకాబులరీ ఎలా చదవాలని అడిగినప్పుడల్లా నా నోట్సులోని ‘ఒంటరి’ పేజీ తీసి చూపిస్తుంటాను. బజారులో దొరికే గైడ్లు అలోన్, లోన్లీ, సాలిటరీ, ఐసొలేటెడ్ అన్నిటి ఎదురుగా ‘ఒంటరి’ అని ఒకే ముక్క రాసి వదిలేస్తాయి. ప్రశ్న వచ్చేది మాత్రం వాటి మధ్య తేడా మీద.

అర్థం దాకా వెళ్లకుండానే కొన్ని ప్రశ్నలు తేలిపోతాయి. పదం వాక్యంలో ఎక్కడ కూర్చుందో చూస్తే చాలు. అలోన్ ఎప్పుడూ నౌన్‌కి ముందు రాదు. ‘ద మేన్ ఈజ్ అలోన్’ ఒప్పు, ‘ఏన్ అలోన్ మేన్’ తప్పు. అస్లీప్, అవేక్, అలైవ్, అఫ్రెయిడ్ కూడా ఇదే బాపతు. లోన్ దీనికి సరిగ్గా తిరగేసినట్టు: నౌన్‌కి ముందే వస్తుంది, వెర్బ్ తర్వాత ఒంటిగా నిలబడదు. ‘ద లోన్ సర్వైవర్’ అంటాం గానీ ‘ద సర్వైవర్ ఈజ్ లోన్’ అనం. లోన్లీకి రెండు చోట్లా ప్రవేశం ఉంది. చిత్రమేమిటంటే అలోన్ మధ్యయుగాల ఇంగ్లిష్‌లో ఆల్, వన్ కలిసి పుట్టింది. దాని తల నరికితే వచ్చిందే లోన్. బ్యాంక్ పరీక్షలు రాసేవాళ్లు ఈ లోన్‌ని (lone), అప్పు లోన్‌ని (loan) కలిపి హోమోఫోన్స్ లిస్టులో రాసుకోండి. ఉచ్చారణ ఒకటే, స్పెల్లింగ్ వేరు.

అలోన్‌కి ఇంకో పని కూడా ఉంది. నౌన్ తర్వాత వచ్చిందంటే ‘మాత్రమే’ అని. ‘శ్రీకాకుళం అలోన్’ అంటే శ్రీకాకుళం ఒంటరిగా కూర్చుందని కాదు, ఒక్క శ్రీకాకుళంలోనే అని. రీడింగ్ కాంప్రహెన్షన్‌లో ఇది చూసుకోకపోతే పేరా మొత్తం వేరే దారి పడుతుంది. ‘లెట్ అలోన్’ అయితే మరీను. అది ‘వదిలెయ్’ అనుకుని చదివితే వాక్యానికి తలాతోకా ఉండదు. సైకిలే కొనలేనివాడు, కారు మాట దేవుడెరుగు అంటాం చూశారా, ఆ ‘దేవుడెరుగు’ ఇది. కష్టమైన సంగతి ఎప్పుడూ లెట్ అలోన్ తర్వాతే వస్తుంది. రెండూ తారుమారు చేసి సెంటెన్స్ కరెక్షన్‌లో అడుగుతాడు.

ఇక అలోన్, లోన్లీ. దీనికి మా అమ్మ ఫోనే నాకు ఎగ్జాంపుల్. రాత్రి రూమ్‌లో ఉండగా ఫోన్ చేసి మొదట ‘ఒక్కడివే ఉన్నావేటి?’ అనేది. అది అలోన్: గదిలో ఎందరున్నారో తలలు లెక్కపెట్టడం. కాసేపాగి ‘బెంగెట్టుకున్నావేటి?’ అనేది. అది లోన్లీ. మొదటిదానికి ఔననీ రెండోదానికి కాదనీ చెప్పొచ్చు, తిరగేసి కూడా చెప్పొచ్చు. విజయనగరంలో దసరా తర్వాత మంగళవారం సిరిమానోత్సవానికి వెళ్లండి. కోటకీ పైడితల్లి గుడికీ మధ్య పూజారి కూర్చున్న పొడవాటి మాను, అదే సిరిమాను, మూడుసార్లు తిరిగేటప్పుడు జనం ఒకరి మీద ఒకరు పడుతుంటారు. అక్కడ అలోన్‌గా ఉండటం ఎవరి తరమూ కాదు, లోన్లీగా ఉండటానికి మాత్రం అడ్డేమీ లేదు. అయితే లోన్లీ పక్కన రోడ్డో, కొండో, ఊరో ఉంటే బెంగ అనుకోకండి. అది నిర్మానుష్యం.

సాలిట్యూడ్ మనం కోరి తెచ్చుకున్న ఏకాంతం. ఎక్కువగా మంచి అర్థమే. లోన్లీనెస్ కోరకుండా వచ్చి మీదపడేది. ఈ తేడా కరెంట్ అఫైర్స్‌తో కలిపి పట్టుకుంటే జన్మలో మర్చిపోరు: 2018 జనవరిలో బ్రిటన్ లోన్లీనెస్‌కి ఒక మంత్రిని పెట్టింది, 2021 ఫిబ్రవరిలో జపాన్ కూడా పెట్టింది. 2023 నవంబర్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సోషల్ కనెక్షన్ మీద ఒక కమిషన్ వేసింది. సాలిట్యూడ్‌కి ఎవరూ మంత్రిని పెట్టరు. డిస్క్రిప్టివ్ పేపర్ ఉన్న పరీక్షల్లో ఒంటరితనం మీద ఎస్సే వస్తే ఈ మూడు పాయింట్లూ వాడుకోవచ్చు.

సాలిటరీ దగ్గర జాగ్రత్త. సాలిట్యూడ్‌కి చుట్టమే గానీ స్వభావం వేరు. ‘ఏ సాలిటరీ ట్రీ’ అంటే చుట్టుపక్కల ఇంకోటి లేని చెట్టు, అంతే. దానికి బాధా లేదు, సుఖమూ లేదు. ‘సాలిటరీ కన్‌ఫైన్‌మెంట్’ అంటే ఏకాంత నిర్బంధం. ఇక్కడ నేను వొకాబులరీ ఆపేసి హిస్టరీ, పాలిటీ చదివేసేవాణ్ణి. పోర్ట్ బ్లెయిర్ (2024 నుంచి శ్రీ విజయపురం) సెల్యులార్ జైలు 1906కి పూర్తయింది, అప్పట్లో ఏడు వింగులు, ఖైదీకొక సెల్. పేరు అందుకే అలా వచ్చింది. పాత ఐపీసీలో ఏకాంత నిర్బంధం సెక్షన్ 73, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 11. మొత్తం మీద మూడు నెలలు మించకూడదు. ఏకాంత నిర్బంధం మీద సుప్రీంకోర్టు తీర్పిచ్చిన 1978 నాటి సునీల్ బత్రా కేసు కూడా ఆ పక్కనే రాసుకోండి. గ్రూప్స్ వాళ్లకి ఇది డబుల్ లాభం.

ఐసొలేషన్‌కి మూలం లాటిన్‌లో ద్వీపం అనే మాట, ఇన్సులా. ద్వీపంలా చేసి పక్కన పెట్టడం అన్నమాట. అందుకే ఐసొలేటెడ్ అంటే విడదీయబడినట్టు ధ్వనిస్తుంది, పక్కన ‘ఫ్రమ్’ వస్తుంది. పెనిన్సులా, ఇన్సులేషన్, చివరికి క్లోమంలోని లాంగర్‌హాన్స్ పుటికల నుంచి వచ్చే ఇన్సులిన్ కూడా ఈ ఇంటి పిల్లలే. కోవిడ్ రోజులు చూసినవాళ్లం కాబట్టి ఇంకో జత సులువు: జబ్బు తేలినవాణ్ణి వేరుగా ఉంచితే ఐసొలేషన్, తగిలిందేమోనన్న అనుమానంతో ఉంచితే క్వారంటైన్. ‘స్ప్లెండిడ్ ఐసొలేషన్’ కనబడితే మాత్రం ఆసుపత్రి వైపు వెళ్లకండి. 19వ శతాబ్దం చివర ఎవరితోనూ శాశ్వత పొత్తు పెట్టుకోని బ్రిటన్ విదేశాంగ విధానానికి అది పేరు. 1902లో జపాన్‌తో ఒప్పందం కుదిరేసరికి ఆ కథ మారింది.

వన్ వర్డ్ సబ్‌స్టిట్యూషన్‌లో, అంటే వివరణ ఇచ్చి దానికి ఒకే మాట చెప్పమనే ప్రశ్నలో, హెర్మిట్, రెక్లూజ్ రెండూ ఆప్షన్లలో ఇచ్చి ఏడిపిస్తాడు. ప్రశ్నలో దేవుడు, తపస్సు, మతం అన్న వాసన ఉంటే హెర్మిట్. ఊళ్లోనే తలుపేసుకుని జనాన్ని తప్పించుకు తిరిగేవాడైతే రెక్లూజ్. హెర్మిట్ మూలం గ్రీకులో ఎడారి, రెక్లూజ్ మూలం లాటిన్‌లో మూయడం; సెక్లూజన్ కూడా అక్కడిదే. మంక్ అన్న మాటకి కూడా మూలం గ్రీకులో ‘ఒంటరి’. కానీ మంక్‌లు ఉండేది కలిసికట్టుగా. వంశధార ఒడ్డున మన శాలిహుండం కొండెక్కితే తెలుస్తుంది: స్తూపాలూ, చైత్యాలూ, భిక్షువుల విహారాల పునాదులూ ఒకదాని పక్కనొకటి ఉంటాయి. సముద్రం వైపు కళింగపట్నం దగ్గరే. ఆదివారం పుస్తకం మూసేసి వెళ్లాలంటే అంతకన్నా మంచి చోటు నాకు తెలీదు.

మిగతావి గబగబా. ఫర్‌లార్న్ అంటే దిక్కులేక దిగాలుపడిన. డెసొలేట్ చోటుకైతే పాడుబడ్డ, మనిషికైతే కుమిలిపోతున్న. అలూఫ్ కావాలని ఎడంగా ఉండేవాడు, పక్కన మళ్లీ ‘ఫ్రమ్’; ఇది ఓడలు నడిపేవాళ్ల భాష నుంచి వచ్చింది. లోన్సమ్ అమెరికా వాడుకలో ఎక్కువ. గాలపాగోస్‌లో 2012 జూన్ 24న చనిపోయిన పింటా దీవి చివరి తాబేలుని లోన్సమ్ జార్జ్ అనేవారు. జీకేకీ పనికొస్తుంది.

పేజీ ఎలా రాశానంటే, ఎడమ పక్క పదం, మధ్యలో దాని తోడు పదం, కుడి పక్క మన ఊరి మాటతో ఒక వాక్యం. తెలుగు అర్థం కోసం గడి పెట్టలేదు. లోన్ పక్కన సర్వైవర్, ఊల్ఫ్. సాలిటరీ పక్కన కన్‌ఫైన్‌మెంట్. అలూఫ్ పక్కన ఫ్రమ్. లైబ్రరీ రీడింగ్ రూమ్‌లో కుర్చీ కోసం పొద్దున్నే వెళ్లి నీళ్ల బాటిల్ పెట్టి కాపలా కాసే బ్యాచ్ మాది. అక్కడ పక్కవాడితో పుస్తకాలు మార్చుకుని, కుడి పక్క వాక్యంలో పదం మూసి ఒకరినొకరు అడిగేవాళ్లం. పాత పేపర్లలో ఈ గుంపు పదం ఎక్కడ కనబడినా ఆ వాక్యాన్ని అదే పేజీ వెనక ఎక్కించాను.

ఇది అయ్యాక ‘గుంపు’ పేజీ పెట్టండి: క్రౌడ్, మాబ్, త్రాంగ్, స్వార్మ్. అక్కడా ఇదే పద్ధతి. మాబ్ కోపంగా ఉంటుంది, స్వార్మ్ దగ్గర ఈగలో తేనెటీగలో ఉంటాయి. మిగతా రెండూ మీరే వెతికి రాసుకోండి.