"భయమేస్తోంది" అని చాట్‌బాట్ అంటే నమ్మేయాలా?

చాట్‌బాట్‌లకి చైతన్యం ఉందా లేదా అన్న గొడవ మొదలైతే చాలు జనం స్క్రీన్‌షాట్లు పెట్టేస్తారు, చూడండి అదే చెప్తోంది కదా భయమేస్తోందని, ఇంకేం కావాలి అని. నాకు మాత్రం ఆ స్క్రీన్‌షాట్ల మీద అస్సలు నమ్మకం లేదు.

2022 జూన్‌లో గూగుల్ ఇంజనీర్ బ్లేక్ లెమోయిన్ సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది, కంపెనీ తయారుచేసిన లామ్డా అనే చాట్‌బాట్ మోడల్‌కి స్పృహ ఉందని బయటికొచ్చి చెప్పాడు, ముందు లీవ్ మీద పంపించి జూలైలో ఉద్యోగంలోంచి తీసేశారు. ఆయన బయటపెట్టిన సంభాషణలో అందరూ షేర్ చేసింది ఒకటే ముక్క, ఆఫ్ చేసేస్తారేమోనని దానికి భయమట, అది చావుతో సమానమట. చదువుతుంటే నిజంగానే ఒళ్ళు జలదరిస్తుంది. కానీ అదే సంభాషణలో, నీకు సంతోషం దేనివల్ల కలుగుతుంది అనడిగితే స్నేహితులతో, ఫ్యామిలీతో గడపడం అంటుంది. దానికి ఫ్యామిలీ ఎక్కడిది? మనుషులు రాసింది గుట్టలకొద్దీ చదివే ఇవి మాట్లాడటం నేర్చుకుంటాయి, అందుకే సంతోషం గురించి మనుషులు ఏం రాస్తారో అదే వచ్చింది, మరి చావు భయం మాటలు మాత్రం దాని లోపల్నుంచి పుట్టాయని ఎలా అనుకుంటాం?

అలాగని "నేను ప్రోగ్రామ్‌ని మాత్రమే, నాకు ఫీలింగ్స్ లేవు" అనే జవాబు చూపించి కేసు క్లోజ్ చేసేవాళ్ళతో కూడా నేను ఒప్పుకోను. అది కూడా ట్రైనింగ్‌లో నేర్పిన మాటే కదా. ఉందన్నా లేదన్నా ఆ మాటకి సాక్ష్యంగా విలువ లేదు.

ఇక్కడ నాకు రొయ్యలు గుర్తొస్తాయి, అవునండీ, మన భీమవరం వైపు చెరువుల్లో పెంచే రొయ్యలే. 2008లో బెల్‌ఫాస్ట్‌లో రాబర్ట్ ఎల్వుడ్ అనే సైంటిస్ట్ వాళ్ళ టీమ్ రొయ్య మీసానికి ఎసిటిక్ యాసిడ్ పూసి చూశారు, సరిగ్గా ఆ మీసాన్నే అది పదేపదే తుడుచుకుంది, ట్యాంక్ గోడకేసి రుద్దుకుంది, ముందే మత్తుమందు రాస్తే ఆ రుద్దుకోవడం తగ్గింది. అది నొప్పేనా అని ఇప్పటికీ వాదించేవాళ్ళు ఉన్నారు, ఉండనీండి, కానీ ఆ రొయ్య మనుషులు నొప్పి గురించి రాసిన ఒక్క పేజీ కూడా చదవలేదు! అందుకే దాని ప్రవర్తనకి బరువుంది. లండన్‌లో జొనాథన్ బర్చ్ అనే ఫిలాసఫర్ చాలాకాలంగా చెప్తున్నది కూడా దాదాపు ఇదే. ఆయన టీమ్ ఇచ్చిన రిపోర్ట్ తర్వాతే బ్రిటన్ 2022 జంతు సంక్షేమ చట్టంలో పీతలు, రొయ్యలు, ఆక్టోపస్‌లని కూడా బాధ తెలిసే జీవులుగా చేర్చారు.

మరి చాట్‌బాట్ విషయంలో ఏం చూడాలి అంటే, మాటలు పక్కనపెట్టి లోపలి నిర్మాణం చూడాలి. 2023లో 19 మంది రిసెర్చర్లు కలిసి ఆ పనే చేశారు, చైతన్యం గురించి సైన్స్‌లో ఉన్న థియరీల నుంచి 14 లక్షణాలు తీసి ఒక్కో సిస్టమ్‌లో అవి ఉన్నాయా అని వెతికారు. అప్పటికున్న ఏ ఏఐకీ చైతన్యం ఉందనడానికి గట్టి ఆధారం లేదన్నారు, కానీ ఆ లక్షణాలున్న సిస్టమ్‌లు కట్టడానికి టెక్నికల్‌గా పెద్ద అడ్డంకి కూడా కనపడట్లేదన్నారు. ఈ రెండో సగాన్ని ఎవరూ షేర్ చేయరు, నాకు కోపం వచ్చేది అక్కడే. కట్టే కంపెనీలే చెక్ చేసుకుని మాకేం కనపడలేదంటే సరిపోదు, బయటి రిసెర్చర్లకి ఆ మోడల్స్ లోపల చూసే అవకాశం ఇప్పుడే ఇవ్వాలి.