మైనంలో పళ్లు పేర్చే పని

డాక్టరు దగ్గర నుంచి కట్టుడు పళ్ల సెట్లు చేసే నా ల్యాబ్‌కు వచ్చేది మనిషి కాదు, నోటి అచ్చు. అందులో డెంటల్ స్టోన్ (రాయిలా గట్టిపడే జిప్సం ముద్ద) పోసి నమూనా తీస్తే ఆ నోటి కథ సగం తెలిసిపోతుంది. చాలాకాలం పళ్లు లేకుండా గడిపినవాళ్లకు కింది దవడ గట్టు అరిగి దాదాపు చదునైపోతుంది. పై సెట్టుకు అంగిలి ఆధారం ఉంటుంది, కిందిదానికి అదీ లేదు. నా టెన్షనంతా కింది సెట్టు మీదే.

నాకు ఇష్టమైన పని మైనం మీద పళ్లు పేర్చడం. అన్నీ తిన్నగా పెడితే హార్మోనియం మెట్లలా కనిపిస్తాయి. అందుకే ఒక పన్నును వెంట్రుకవాసి తిప్పుతాను, పెద్దవయసువాళ్లకైతే కొనలు కాస్త అరగదీస్తాను. కొందరు మాత్రం తెల్లగా, ఒకే వరసలో కావాలంటారు. వాళ్ల నోరు, వాళ్ల ఇష్టం! పాత ఫొటో ఉంటే మాత్రం తప్పకుండా అడుగుతాను. మైనం సెట్టు నోట్లో పెట్టి చూసి డాక్టరు సరేనన్నాకే ముందుకు వెళ్తాను.

తర్వాత ఫ్లాస్కులో (సెట్టును అచ్చుపోసే లోహపు పెట్టెలో) మైనం కరిగించి తీసేసి, ఆ ఖాళీలో యాక్రిలిక్ ముద్ద నింపి, 74 డిగ్రీల నీళ్లలో 8 గంటలు ఉంచుతాను. ఈలోగా "అర్జెంటండీ" అని ఫోన్లు. యాక్రిలిక్ ముద్ద కలపడానికి వాడే ద్రవం, మోనోమర్, సుమారు 100 డిగ్రీలకే మరుగుతుంది. తొందరపడి వేడి పెంచితే లోపల బుడగలు పడి సెట్టు బలహీనపడుతుంది. చల్లార్చడం కూడా నిదానంగానే, లేకపోతే వంకరపోతుంది.

పాలిష్ అయ్యాక నీళ్లలో ఉంచే పంపిస్తాను. శుభ్రం చేద్దామని సలసల మరిగే నీళ్లు పోసేవాళ్లు ఇంకా ఉన్నారు. ఆకారం మారిన ఆ సెట్లు రిపేరుకని వస్తాయి, చాలావాటికి కొత్తది చేయడమే దారి.