కనిపించని కంచె మన కాలనీలకు పనికిరాదు

హనుమకొండ శివార్లలోనూ కాజీపేట అవతల వెలుస్తున్న కొత్త కాలనీలలోనూ స్థలం కాస్త విశాలంగా ఉన్నవారు పెద్ద జాతి కుక్కలను పెంచుకోవడం బాగా పెరిగింది. వారిలో కొందరు ప్రహరీ ఖర్చును వాయిదా వేసి, గోడ లేకుండానే మెడపట్టీ షాక్‌తో కుక్కను ఆపే వైర్‌లెస్ కంచెను ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే సరిపోతుందా అని నన్ను అడుగుతున్నారు. సరిపోదని, మన వీధుల పరిస్థితిలో అది కుక్కను మరింత ప్రమాదంలోకి నెడుతుందని నా గట్టి అభిప్రాయం.

ఈ కంచెలో ఇంట్లో పెట్టే ట్రాన్స్‌మిటర్ తన చుట్టూ గుండ్రంగా రేడియో సంకేతాన్ని పంపుతుంది. ఆ సంకేతం బలహీనపడే చోటును కుక్క మెడపట్టీలోని రిసీవర్ హద్దుగా గుర్తించి మొదట బీప్ శబ్దం చేస్తుంది. అప్పటికీ కుక్క ఆగకపోతే, చర్మానికి ఆని ఉండే రెండు లోహపు మొనల ద్వారా షాక్ ఇస్తుంది. గోడలు, ఇనుప రేకులు, నేల ఎత్తుపల్లాలు సంకేతాన్ని మారుస్తాయి కనుక హద్దు ఎప్పుడూ ఒకే చోట ఉంటుందనే నమ్మకం లేదు. నేలలో తీగ పాతే రకంలో హద్దు కొంత స్థిరంగా ఉంటుంది. ఆ రకం 1970లలో అమెరికాలో, ఇంటి ముందు గోడ కట్టే అలవాటు అంతగా లేని శివారు ప్రాంతాలలో వాడుకలోకి వచ్చింది.

ములుగు, భూపాలపల్లి వైపు అడవి పందుల కోసం పొలాల చుట్టూ అక్రమంగా అమర్చే కరెంటు తీగలు మనుషుల ప్రాణాలు కూడా తీస్తున్నాయి కాబట్టి, షాక్ అనగానే మనవాళ్ళకు ఆ భయమే కలుగుతుంది. మెడపట్టీ షాక్ అటువంటిది కాదు. అది క్షణకాలం ఉండే చిన్న విద్యుత్ ఘాతం, ప్రాణం తీసేంతటిది కాదు. అయినా కుక్కకు బాధ కలిగించకపోతే ఆ పరికరం పనే చేయదు, కాబట్టి అది నొప్పి కాదని అమ్మేవారు చెప్పే మాటను నేను అంగీకరించలేను.

అసలు చిక్కు ఏమిటంటే, ఈ కంచె లోపలి కుక్కను ఆపుతుందే తప్ప బయటి నుంచి వచ్చే దేనినీ ఆపదు. మన కాలనీలలో వీధి కుక్కల గుంపులు ఎంత ప్రమాదకరమో అందరికీ తెలుసు. 2023 మే నెలలో కాజీపేట రైల్వే క్వార్టర్ల దగ్గర వాటి దాడిలో ఒక బాలుడు ప్రాణాలు కోల్పోయాడు. అటువంటి గుంపు ప్రహరీ లేని ఆవరణలోకి చొరబడితే, పారిపోయే దారి ఉన్నా హద్దు దాటలేని పెంపుడు కుక్క వాటి మధ్య చిక్కుకుపోతుంది. ఇక మన వైపు కోతుల సంగతి చెప్పనక్కరలేదు. కోతిని తరిమే ఊపులో కుక్క షాక్‌ను లెక్కచేయకుండా హద్దు దాటేస్తుంది. ఆవేశం తగ్గి ఇంటికి తిరిగి వద్దామంటే అదే హద్దు దానికి అడ్డమవుతుంది. కొన్ని పరికరాలు లోపలికి వచ్చేటప్పుడు షాక్ ఇవ్వకపోయినా, ఒకసారి అక్కడ దెబ్బ తిన్న కుక్క ఆ చోటికి రావడానికే జంకుతుంది. దీపావళి టపాసులకు బెదిరి పరుగెత్తిన కుక్క విషయంలోనూ ఇదే జరుగుతుంది.

2017లో అమెరికా పశువైద్య సంఘం పత్రికలో వచ్చిన ఒక అధ్యయనంలో, ఎలక్ట్రానిక్ కంచెలో ఉంచిన కుక్కలలో సుమారు 44 శాతం తప్పించుకుపోయినట్లు యజమానులు చెప్పగా, మామూలు కంచె ఉన్న ఇళ్ళలో అది 23 శాతం దగ్గరే ఉంది.

షాక్ తగిలిన క్షణంలో కుక్క కళ్ళ ముందు ఎవరు ఉంటే, ఆ నొప్పికి వారే కారణమని అది అనుకునే అవకాశం ఉంది. అప్పుడు ఎదురుగా ఉన్నది సైకిలు మీద వెళ్ళే పిల్లవాడైతే, అంతవరకు సాధువుగా ఉన్న కుక్క పిల్లలను చూసి మొరగడం, మీదికి దూకడం మొదలుపెట్టవచ్చు. అన్నిటికంటే నన్ను ఎక్కువగా భయపెట్టేది ఇదే. పైగా మొనలు చర్మానికి గట్టిగా ఆనాలి కనుక పట్టీని గంటల తరబడి ఉంచితే మెడ మీద పుండ్లు పడతాయి. చెమ్మ నిలిచే వానాకాలంలో ఆ పుండ్లు త్వరగా ముదురుతాయి.

వేల్స్ 2010లోనే ఈ హద్దు కంచెలతో సహా షాక్ మెడపట్టీలను నిషేధించింది. మన 1960 నాటి జంతు హింస నివారణ చట్టంలోని 11వ సెక్షన్ జంతువుకు అనవసరమైన నొప్పి కలిగించడాన్ని నేరంగా పరిగణిస్తుంది. ఎప్పుడూ గొలుసుతో కట్టి ఉంచే కుక్కకు తగిన వ్యాయామం ఇవ్వకపోవడం కూడా అదే సెక్షన్ కింద నేరమే, కాబట్టి షాక్ వద్దన్నానని రోజంతా గొలుసు వేయమని నేను చెప్పడం లేదు.

పరికరానికి పెట్టదలచిన డబ్బును ముందు గేటు మీద పెట్టండి. గేటు కింది సందును రేకుతో మూయించి, ప్రహరీ తక్కువగా ఉన్న చోట జాలీ వేయించండి. ప్రహరీ మొత్తం ఇప్పట్లో కట్టలేకపోతే, ఇంటి వెనుక నీడ ఉన్న చోట కొంత భాగానికైనా ఎత్తుగా జాలీ కంచె వేయించి, మీరు లేని సమయంలో కుక్కను అందులో ఉంచండి. సంతానం కోసం ఉంచని మగకుక్కకు పశువైద్యుడి సలహాతో ఆపరేషన్ చేయిస్తే, ఎదకు వచ్చిన ఆడకుక్కల కోసం గోడ దూకి తిరగడం చాలావరకు తగ్గుతుంది. పొద్దున, సాయంత్రం నడిపించండి. పేరు పెట్టి పిలవగానే రావడం మాత్రం ఓపికగా, పొడవైన తాడు కట్టి, వచ్చిన ప్రతిసారీ ఉడికించిన కోడిమాంసం ముక్క చేత్తో పెట్టి నేర్పాలి. మొదట ఇంటి లోపల, తర్వాత ఆవరణలో, చివరికి కోతులు వచ్చే వేళలో.