తరలింపు ప్రణాళికలో మిగిలిపోయేవారు

వరద హెచ్చరిక వెలువడగానే ఇల్లు ఖాళీ చేయమని చెప్పడం తేలికే కానీ, చక్రాల కుర్చీపై ఆధారపడినవారికి, సైరన్ వినిపించని బధిరులకు, ఆక్సిజన్ కాన్సంట్రేటర్‌తో ఊపిరి తీసుకునే వృద్ధులకు ఆ ఒక్క మాట సరిపోదు. 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడికలోని 11వ అధికరణం విపత్తు వేళ వారి రక్షణను ప్రభుత్వాల బాధ్యతగా పేర్కొంది. అయినా నా కంటబడిన ప్రణాళికల్లో వారి ప్రస్తావన చివరి పేరాకే పరిమితం.

అమ్మ కోసం సిద్ధం చేసిన సంచిలో మందుల చీటీ నకలు, వినికిడి యంత్రానికి అదనపు బ్యాటరీలు ఉన్నాయి. తెరవని ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచాలి కనుక దానిని ముందుగా సర్దడం కుదరదు. అందుకే చివరి నిమిషంలో ఫ్రిజ్‌లోంచి తీయవలసినవాటిని ఒక కాగితంపై పెద్ద అక్షరాలతో రాసి సంచి పట్టీకి కట్టాను.

ఆశ్రయ కేంద్రానికి ర్యాంప్ ఉన్నంత మాత్రాన చాలదు. మరుగుదొడ్డి తలుపు కుర్చీ పట్టనంత ఇరుకుగా ఉంటే, మనిషి మంచినీళ్లు తాగడమే తగ్గించుకుంటాడు. వైద్య పరికరాలకు జనరేటర్, ఆటిజం ఉన్న పిల్లలకు సందడి లేని గది కూడా అవసరమే. అన్నిటికంటే నన్ను కలవరపెట్టేది మరొకటి: తొందరలో మనిషిని ఎత్తుకొచ్చి కుర్చీని అక్కడే వదిలేస్తే, ప్రాణం దక్కినా ఆ వ్యక్తి మంచం దిగడానికి కూడా పరాయివారిని పిలవవలసివస్తుంది. కుర్చీ వెంట రాకపోతే, దానిని తెచ్చే బాధ్యత ఎవరిదో బయలుదేరకముందే తేల్చుకోవాలి.