ఓబ్రయన్‌ల ఊరు వెతకడం

ఆదివారం. పొద్దుటినుంచీ ఓబ్రయన్ అనే ఐరిష్ ఇంటిపేరువాళ్ల పూర్వీకులను వెతికే కాగితాలతోనే సరిపోయింది.

ఈ ఇంటిపేరుకు మూలపురుషుడు ఐర్లండ్ అధిరాజు బ్రయన్ బోరు. 1014 ఏప్రిల్ 23, గుడ్ ఫ్రైడే నాడు క్లాంటార్ఫ్ యుద్ధంలో తనవాళ్లు గెలిచినా ఆయన మాత్రం చనిపోయాడు. ఆయన మనవలు, మునిమనవలే ఓబ్రయన్‌లు. పడమటి ఐర్లండ్‌లోని క్లేర్ జిల్లా చుట్టుపక్కల థామండ్ రాజ్యాన్ని ఏలారు. 1543లో మురో ఓబ్రయన్ రాజరికం వదులుకుని ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ దగ్గర ఎర్ల్ బిరుదు పుచ్చుకున్నాడు. అంతమాత్రాన ప్రతి ఓబ్రయనూ రాజవంశీకుడే అనుకోకూడదు. అంత వెనక్కి కాగితాలు చాలా ఇళ్లకు దొరకవు.

ఇంగ్లిష్ పాలనలో ముందున్న 'ఓ' చాలామందికి ఊడిపోయింది. 19వ శతాబ్దం చివర ఐరిష్ భాషోద్యమంతో మళ్లీ చేరింది. అందుకే ఒకే మనిషి 1901 జనగణనలో బ్రయన్, 1911లో ఓబ్రయన్ కావచ్చు. రెండు రూపాల్లోనూ వెతకాలి. ఈ రెండు జనగణనలూ ఐర్లండ్ నేషనల్ ఆర్కైవ్స్ సైట్‌లో ఉచితం. వయసులు మాత్రం నమ్మొద్దు. 1909 నుంచి 70 ఏళ్లు నిండినవాళ్లకు పెన్షన్ మొదలయ్యాక, పదేళ్లలో పదిహేనేళ్లు పెరిగినవాళ్లు కనిపిస్తారు.

అంతకుముందు జనగణనలు దాదాపు ఏవీ మిగల్లేదు. 1861, 1871వి ప్రభుత్వమే నాశనం చేయించింది. 1821 నుంచి 1851 వరకు ఉన్నవాటిలో ఎక్కువ భాగం 1922 జూన్ 30న, అంతర్యుద్ధంలో, డబ్లిన్‌లో రికార్డులు దాచిన ఫోర్ కోర్ట్స్ భవనాల మంటల్లో పోయాయి. తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

అసలు పట్టు దొరకాల్సింది టౌన్‌ల్యాండ్ దగ్గర. ఊరికంటే చిన్నది, కొన్ని పొలాలూ కాసిన్ని ఇళ్లూ. ఇవి ఐర్లండ్‌లో 60,000కు పైనే. అది తెలియకుండా జాన్ ఓబ్రయన్ అని వెతికితే మునిగిపోతాం. ముందు పెళ్లి రిజిస్టర్ చూడాలి. క్యాథలిక్ పెళ్లిళ్లు 1864 నుంచి ప్రభుత్వం దగ్గర నమోదయ్యాయి, వధూవరుల తండ్రుల పేర్లు, వృత్తులు అందులో ఉంటాయి. తర్వాత చర్చి జ్ఞానస్నాన పుస్తకాలు. పేర్లు చాలాచోట్ల లాటిన్‌లో ఉంటాయి, జేమ్స్ అక్కడ జాకోబుస్. ప్రభుత్వ రిజిస్టర్‌లోని పుట్టిన తేదీ కంటే జ్ఞానస్నానం ముందున్నా కంగారు పడక్కర్లేదు, పుట్టుక నమోదు గడువు దాటితే జరిమానా అని తల్లిదండ్రులు తేదీని జరిపి రాయించేవారు. జ్ఞాన తల్లిదండ్రుల (జ్ఞానస్నానంలో బిడ్డ తరఫున నిలబడేవాళ్ల) పేర్లు తప్పక రాసుకోవాలి. ఎక్కువసార్లు వాళ్లు మేనమామలో, పిన్నులో అవుతారు.

చివరికి 1847-1864 మధ్య పన్ను కోసం భూములకూ ఇళ్లకూ విలువ కట్టిన గ్రిఫిత్ వాల్యుయేషన్. కాపురమున్న ఇంటి పెద్ద పేరు, స్థలం అద్దెకిచ్చినవాడి పేరు ఉంటాయి, భార్యాపిల్లల ఊసుండదు. ఒకే టౌన్‌ల్యాండ్‌లో ఇద్దరు జాన్ ఓబ్రయన్‌లుంటే మాత్రం చాలాసార్లు పక్కన బ్రాకెట్లో తండ్రి పేరు వేసేవారు. ఆ బ్రాకెట్ దొరికితే మరో తరం దొరికినట్టే.