రెండోసారి వచ్చిన ప్లంబరు

ఫ్లష్ ట్యాంకు బాగు చేయించిన తొమ్మిదో రోజు పొద్దున్నే మా అమ్మాయి నన్ను నిద్ర లేపింది. "అమ్మా, కమోడ్‌లో నీళ్లు ఎర్రగా ఉన్నాయి, వచ్చి చూడు" అంది. కంగారుగా వెళ్లాను. రాత్రి పడుకునే ముందు తనే ట్యాంకులో మిఠాయి రంగు కలిపిందట. వాల్వు సరిగ్గా మూసుకుంటే ఆ రంగు తెల్లవార్లూ ట్యాంకులోనే ఉండాలి, కిందికి దిగకూడదు. దిగింది. అంతటితో ఆగకుండా నీటి మీటరు అంకెలు కూడా రాసిపెట్టింది. రాత్రి పదకొండు నుంచి పొద్దున్న ఆరు దాకా ఎవరూ కుళాయి తిప్పలేదు. అయినా 54 లీటర్లు పోయాయి. ఆ లెక్కన రోజుకు 180 లీటర్ల పైమాటే.

బాగు చేసినందుకు 95 పౌండ్లు ఇచ్చాం. ప్లంబరు పెద్దమనిషి, వానలో తడుస్తూ వచ్చాడు, ఓపికగా పని చేశాడు, రబ్బరు వాషరు మార్చి వెళ్లాడు. ఆయనకు ఫోను చేసి "మీరు చేసిన పని నిలవలేదు" అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఇంకొకరిని పిలుద్దాంలే అన్నాను. మా అమ్మాయికి పన్నెండేళ్లు, ఇంగ్లండులోనే పుట్టింది. నా మాట తనకు బొత్తిగా అర్థం కాలేదు.

"ఆయన చేసిన పనే కదా, ఆయననే ఎందుకు అడగకూడదు?"

"మొహమాటం తల్లీ."

మొహమాటం అంటే ఏమిటని అడిగింది. సిగ్గు కాదు, భయం కాదు, మర్యాదా కాదు, మూడూ కొంచెం కొంచెం అని చెప్పాను. కాసేపు ఆలోచించి, "అంటే తెలుగువాళ్లు అడగరా?" అంది.

ఆ ప్రశ్న నన్ను రోజంతా వదల్లేదు. మేము రెడింగ్ వచ్చి పదహారేళ్లయింది. వచ్చిన కొత్తలో అద్దె ఇంట్లో వంటింటి సింకు కింద పైపు కారితే, బాగు చేసిన మనిషికే రెండుసార్లు డబ్బు కట్టాను. నా ఉచ్చారణ వాళ్లకు అర్థమవుతుందో లేదో, పరాయి దేశంలో గొడవ ఎందుకు అని నోరు మూసుకున్నాను. ఆ తరువాత అదే అలవాటైంది. పిల్ల ముందు దానికి మొహమాటం అని పేరు పెట్టి, మన సంస్కృతి అన్నట్టుగా చూపించాను.

నిజానికి మా ఇంట్లో అది ఎప్పుడూ లేదు. తెనాలిలో మా నాన్న ఏ పనివాడినీ ఊరికే వదిలిన మనిషి కాదు. పెరటి కుళాయి మళ్లీ కారితే సైకిలు వేసుకుని వీధి చివర ప్లంబరు దగ్గరికి వెళ్లేవారు. "ఏమయ్యా, నిన్న చుట్టిన నార ఇవాళే ఊడింది, వచ్చి చూడు" అనేవారు. ఆయన వచ్చేవాడు, మరలకు మళ్లీ సఫేదా రాసి నార బిగించేవాడు. డబ్బు మాట వచ్చేది కాదు. అరుగు మీద కూర్చుని టీ తాగి వెళ్లేవాడు. వచ్చే నెల ఇంకో పనికి నాన్న మళ్లీ ఆయననే పిలిచేవారు. అడగడం వల్ల ఆ స్నేహం చెడలేదు. అడగకుండా ఉండడం నేను ఇక్కడికి వచ్చాక నేర్చుకున్నదే. ఆ సాయంత్రం ఇదంతా అమ్మాయికి చెప్పాను. చెప్పి తీరాలనిపించింది.

అప్పటికే తను చట్టం వెతికి పెట్టుకుంది. ఇక్కడ 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టం ఉంది. డబ్బు తీసుకుని చేసే పని ఏదైనా తగిన శ్రద్ధతో, నైపుణ్యంతో చేయాలని అందులో ఉంది. అలా జరగకపోతే, తగిన గడువులో, పైసా అదనంగా తీసుకోకుండా మళ్లీ చేసిపెట్టమని అడగవచ్చు. అది కుదరకపోతే ధర తగ్గించమనవచ్చు. విడిగా గ్యారంటీ కాగితం లేకపోయినా ఈ హక్కు ఉంటుంది.

తను రాసిన ఉత్తరం మొదటి వాక్యంలోనే చట్టం పేరు ఉంది. చదివి నా మనసు ఒప్పుకోలేదు. వానలో వచ్చిన మనిషికి మొదటి మాట అది కాకూడదు. "ఆ రోజు వచ్చినందుకు కృతజ్ఞతలు" అని పైన చేర్చమన్నాను. "దానికీ ట్యాంకుకూ సంబంధం ఏమిటి?" అని వాదించింది. నేను వదల్లేదు. చివరికి కృతజ్ఞతలు, రంగు పరీక్ష, మీటరు అంకెలు, వచ్చి చూడమన్న విన్నపం, ఈ నాలుగే మిగిలాయి. చట్టాన్ని మాత్రం పూర్తిగా వదిలేయలేదు. ఆయన రానంటే రెండో ఉత్తరంలో రాద్దామని పక్కన పెట్టింది.

దాని అవసరం రాలేదు. శనివారం పొద్దున ఆయనే వచ్చాడు. ట్యాంకు మూత తీసి, వాల్వు విప్పి మా అమ్మాయిని దగ్గరికి పిలిచాడు. కొత్త వాషరు బాగానే ఉంది, అది ఆనుకునే అంచు మీద తెల్లగా గరుకు పొర పేరుకుని ఉంది. ఈ ప్రాంతపు నీళ్లు సుద్దరాతి పొరల్లోంచి వస్తాయి. మా కెటిల్ అడుగున కట్టే తెలుపూ అదే. గరుకు అంచు మీద ఎంత కొత్త రబ్బరు పెట్టినా సందు మిగులుతుంది. "మొదటిసారే ఇది చూడవలసింది, తప్పు నాదే" అన్నాడు. వాల్వు మొత్తం మార్చాడు, డబ్బు ఇవ్వబోతే వద్దన్నాడు. పొర తీయడానికి వెనిగర్ వాడవచ్చా అని అమ్మాయి అడిగితే, వాడవచ్చని ఎలాగో చూపించాడు. ఆయన తన తప్పు ఒప్పుకున్నప్పుడు తను ఆయన ముఖంలోకే చూస్తూ నిలబడింది.

ఆ రాత్రి మళ్లీ రంగు కలిపింది. పొద్దున్న కమోడ్‌లో నీళ్లు రంగు లేకుండా తేటగా ఉన్నాయి. వెంటనే తెనాలికి ఫోను చేసి తాతయ్యకు మొదటి నుంచీ చెప్పింది. ఆ తెల్లటి పొరకు తెలుగు మాట తెలియక ఆగిపోతే, "సున్నం అను తల్లీ, సున్నం" అని నాన్న అందించారు. అంతా విన్నాక ఆయన అడిగింది ఒక్కటే.

"టీ ఇచ్చారా?"

"రెండు కప్పులు తాగారు తాతయ్యా."